విడువరాని రోగి

హైదరాబాదు నగరములో మాసబ్ ట్యాంక్ పేరు వినని వారుండరు. పేరులో చెరువున్నది గాని, నేడు ఆ కూడలిలో నిలిచి నలుదిక్కులు చూచినను నీరు కనబడదు. ప్రజలు ‘మా సాహెబా’ అని గౌరవముతో పిలుచుకొనిన కుతుబ్ షాహీ రాజకుటుంబపు తల్లి పేరిట వెలసిన తటాకమది. ‘మా సాహెబా తాలాబు’ జనుల నోట నలిగి ‘మాసబ్ ట్యాంకు’ అయినది. నగరము పెరిగిన కొలది చెరువు తరిగినది. దాని గర్భములో కొంత భాగము చాచా నెహ్రూ పార్కుగా మారినది. ఇచ్చటి నుండి ఒక దారి రెడ్ హిల్స్ మీదుగా లకిడీకాపూల్ వైపునకు, మరియొక దారి బంజారా హిల్స్ అంచున పంజాగుట్ట వైపునకు పోవును. మొదటి దారిలో మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సరు ఆసుపత్రి కలదు. రెండవ దారి కొసన నిజాం వైద్య విజ్ఞాన సంస్థ, అనగా నిమ్స్, కలదు. తెలుగు జిల్లాల నుండి క్యాన్సరు రోగులు చిరకాలముగా ఈ దారుల వెంట వచ్చుచున్నారు. వారిలో ఒక కోవవారిని గూర్చి, మెడలో కఠినమైన గడ్డతో వచ్చు వృద్ధులను గూర్చి, వారి చికిత్స నడచిన చరిత్రను గూర్చి ఈ ప్రసంగము.

కంఠములో స్వరపేటికకు దిగువ, శ్వాసనాళమును హత్తుకొని, సీతాకోకచిలుక ఆకారములో నుండు చిన్న గ్రంథిని థైరాయిడ్ అందురు. మన పాఠ్యపుస్తకములు దానిని అవటు గ్రంథి అన్నవి. దేహములోని అవయవములు ఏ వేగముతో పనిచేయవలెనో నిర్ణయించు రసము అక్కడ తయారగును. ఈ గ్రంథిలో పుట్టు క్యాన్సరులలో అధిక భాగము నెమ్మదిగా పెరుగునవి. పడుచువారిలో కనబడినప్పుడు శస్త్రచికిత్సతో నయమై, రోగి పూర్ణాయుష్షుతో జీవించుట సామాన్యము. కాని అదే గ్రంథిలో, ముఖ్యముగా 60 ఏళ్ళు దాటినవారిలో, మరియొక జాతి క్యాన్సరు పుట్టును. వైద్యులు దానికి అనాప్లాస్టిక్ అని పేరు పెట్టిరి. కణము తన రూపమును, తన వృత్తిని పూర్తిగా మరచిపోయినదని దాని భావము. థైరాయిడ్ క్యాన్సరులలో ఇది నూటికి ఒకటి రెండు మాత్రమే. అయినను దాని ధాటి మిక్కిలి తీవ్రము. గడ్డ వారములలోనే పెరుగును, గొంతు బొంగురుపోవును, మ్రింగుట కష్టమగును, తుదకు ఊపిరి ఆడదు. గుర్తించిన నాటి నుండి సగము మంది ఆరు నెలలు దాటకపోవుట వైద్యుల చిరకాలపు అనుభవము. ఇంత సాధువైన వ్యాధియు, ఇంత క్రూరమైన వ్యాధియు ఒకే గ్రంథిలో పుట్టుట వైద్యశాస్త్రములోని వింతలలో ఒకటి.

ఇంటిలో తాతకో నాయనమ్మకో ఇట్టి గడ్డ కనబడినప్పుడు అందరి నోట ఒకటే మాట వచ్చును. “కాటికి కాళ్ళు చాచిన వయసులో కత్తి ఎందుకు?” ఈ మాటలో జాలి ఉన్నది, భయమున్నది, ఖర్చును గూర్చిన దిగులు కూడ ఉన్నది. కాని ఈ ప్రశ్న మన తరములో పుట్టినది కాదు. దీనికి రెండువేల ఏండ్ల వయసు ఉన్నదనవచ్చును.

సుశ్రుత సంహిత నిదానస్థానములో గ్రంథి, అపచి, అర్బుదము, గళగండము అను వ్యాధులను ఒక్కచోట చేర్చి వర్ణించిరి. గళగండమనగా మెడలో వ్రేలాడు వాపు; నేడు మనము గాయిటర్ అని పిలుచునది. అందులో ఏ రోగిని చేపట్టరాదో కూడ ఆ ఆచార్యుడు చెప్పెను. ఊపిరి పీల్చుటకు కష్టపడువాడు, ఒడలు సడలినవాడు, అన్నము సహింపనివాడు, కృశించినవాడు, గొంతు మారినవాడు, వ్యాధి సోకి ఏడాది దాటినవాడు వైద్యుడు విడువదగినవాడని ఆయన నిర్ణయము. ఈ లక్షణములను నేటి వైద్యుడు చదివినచో, శ్వాసనాళమును నొక్కి, కంఠస్వరపు నాడిని తినివేసిన థైరాయిడ్ క్యాన్సరు అతని కన్నుల ముందు నిలుచును. ఆ కాలపు సాధనములతో ఆ రోగిని బ్రదికించుట అసాధ్యము. అసాధ్యమును అసాధ్యమని చెప్పుట వైద్యుని నిజాయితీ. కాని ఆ నిర్ణయములో ఒక చిక్కు మిగిలిపోయినది. వ్యాధి అసాధ్యమైనప్పుడు విడువవలసినది చికిత్సనా, రోగినా? గడచిన నూటయేబది ఏండ్ల చరిత్ర అంతయు ఈ రెంటిని వేరుచేసి చూచుట నేర్చుకొనిన చరిత్రయే.

పాశ్చాత్య దేశములలో కూడ 19వ శతాబ్ది నడుమ వరకు ఇదే నిరాశ. థైరాయిడ్ గ్రంథిలో రక్తనాళములు మెండు; కత్తి తగులగానే రక్తము వెల్లువయై పారును. కోత కోయించుకొనినవారిలో నూటికి సుమారు 40 మంది మరణించుచుండిరి. 1850లో ఫ్రాన్సు దేశపు వైద్య అకాడమీ ఈ శస్త్రచికిత్సనే ఖండించెను. ఈ స్థితిని మార్చినవాడు స్విట్జర్లాండులోని బెర్న్ నగరపు శస్త్రవైద్యుడు థియొడోర్ కోఖర్. ఆల్ప్స్ పర్వత ప్రాంతములలో గాయిటర్ విస్తారముగా ఉండెను గనుక ఆయనకు రోగుల కొరత లేదు. తొందరపడక, ప్రతి రక్తనాళమును పట్టి కట్టి, నెత్తురు చిందకుండ, సూక్ష్మజీవులు చేరకుండ పని చేయు పద్ధతిని ఆయన సాధించెను. తన జీవితకాలములో చేసిన అయిదువేలకు పైబడిన శస్త్రచికిత్సలలో మరణములు క్రమముగా నూటికి ఒకటి కంటె తక్కువకు దిగినవి. 1909లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను.

కాని కోఖర్‌కు ఒక చేదు సత్యము కూడ ఎదురైనది. గ్రంథిని పూర్తిగా తీసివేసిన తన పాత రోగులను ఆయన మరల పిలిపించి చూచెను. వారు ఉబ్బి, మందబుద్ధులై, చలికి వణకుచుండిరి. 1883లో ఆయన దీనిని లోకమునకు వెల్లడించెను. గ్రంథి పోయినచో ప్రాణము నిలిచినను బ్రదుకు నిలువదని తేలినది. ఈ లోటును పూరించినది ఇంగ్లండులోని న్యూకాసిల్ వైద్యుడు జార్జ్ మరే. గొఱ్ఱె థైరాయిడ్ సారమును 1891లో ఒక స్త్రీకి సూదితో ఎక్కించగా ఆమె కోలుకొని, అటుపై 28 ఏండ్లు జీవించెను. 1914 డిసెంబరులో అమెరికాలోని కెండాల్ ఆ సారములోని థైరాక్సిన్‌ను వేరుచేసెను. నేడు గ్రంథిని తీసివేసిన ప్రతి వృద్ధుడు తెల్లవారుజామున పరగడుపున మ్రింగు చిన్న మాత్రకు మూలము ఇదే.

శస్త్రచికిత్స కావలెనన్న రోగిని నిద్రపుచ్చవలెను. వృద్ధునికి మత్తు ఇచ్చుట ఎంత ప్రమాదము? ఈ ప్రశ్నకు సమాధానము వెదకినది మన హైదరాబాదే. హైదరాబాదు వైద్య పాఠశాలకు పెద్దయైన ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యమున, ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఇచ్చిన ధనముతో, 1888లోను 1889లోను రెండు క్లోరోఫారం సంఘములు ఇచ్చట పనిచేసినవి. రెండవ సంఘమునకు ఇంగ్లండు నుండి లాడర్ బ్రంటన్ వచ్చెను. క్లోరోఫారం మొదట గుండెను గాక శ్వాసను ఆపునని వారు తీర్మానించిరి. గుండె విషయములో వారి తీర్పు నిలువలేదు. మత్తులో గుండె హఠాత్తుగా లయ తప్పి ఆగునని 1911లో గుడ్మన్ లెవీ నిరూపించెను. అయినను మత్తులోనున్న రోగి శ్వాసను క్షణక్షణము కనిపెట్టుమని లారీ పట్టుపట్టి చెప్పిన పాఠము మాత్రము చెడలేదు. మెడలో గడ్డ శ్వాసనాళమును నొక్కుచున్న వృద్ధుని విషయములో నేటికిని మత్తువైద్యుడు మొదట చూచునది ఊపిరి దారినే.

కత్తి చేరలేని చోటికి కిరణము చేరునన్న ఆశ 20వ శతాబ్దితో పుట్టినది. 1898లో క్యూరీ దంపతులు రేడియంను కనుగొనిరి. కొలది ఏండ్లలోనే అది క్యాన్సరు చికిత్సకు సాధనమైనది. తెలుగుదేశములో ఆ ఆశ ఆసుపత్రి రూపము దాల్చుటకు 1955 వరకు ఆగవలసివచ్చెను. బంజారా హిల్స్ రాళ్ళగుట్టగా ఉన్న కాలములోనే అక్కడ ఇల్లు కట్టుకొనినవాడు, హైదరాబాదు రాష్ట్ర మంత్రి, 1960లో గుజరాతునకు మొదటి గవర్నరు అయినవాడు మెహదీ నవాజ్ జంగ్. ఆయన పేరిట రెడ్ హిల్స్‌లో వెలసిన క్యాన్సరు ఆసుపత్రి తరువాత ప్రాంతీయ క్యాన్సరు కేంద్రముగా గుర్తింపు పొందినది. పల్లెల నుండి వచ్చు బీదవారికి ‘క్యాన్సరు ఆసుపత్రి’ అన్నచో నేటికిని ఇదే.

థైరాయిడ్ విషయములో అంతకంటె చిత్రమైన కిరణము మరియొకటి దొరికినది. దేహములో అయోడినును ఆత్రముతో పీల్చుకొనునది ఈ గ్రంథి యొక్కటే. కనుక అయోడినునకే కిరణశక్తి నిచ్చి త్రాగించినచో అది తానై వెదకుకొనుచు గ్రంథికి పోవలెను గదా! ఈ యూహతో బోస్టన్‌లో సాల్ హెర్ట్జ్ 1941లో గ్రంథి అతిగా పనిచేయు రోగులకు చికిత్స ప్రారంభించెను. న్యూయార్కులో సామ్యూల్ సైడ్లిన్ బృందము ఎముకలకు ప్రాకిన థైరాయిడ్ క్యాన్సరును ఈ అయోడినుతో లొంగదీసిన వృత్తాంతము 1946లో వెలువడెను. మన దేశములో ట్రాంబేలోని అప్సర రియాక్టరు 1956 ఆగస్టులో పనిచేయనారంభించెను. 1963లో బొంబాయిలో రేడియేషన్ మెడిసిన్ కేంద్రము ఏర్పడెను. కాలక్రమమున నిమ్స్‌లోను ఇట్టి విభాగము వచ్చినది.

కాని ఈ దివ్యాస్త్రమునకు ఒక హద్దు ఉన్నది. అయోడినును పీల్చు గుణము మిగిలియున్న కణమునే అది చంపగలదు. వయసు పైబడినవారిలో సాధువైన క్యాన్సరు కూడ తరచు ఆ గుణమును కోల్పోవును. అనాప్లాస్టిక్ కణము దానిని పూర్తిగా మరచిపోవును. వృద్ధునికి అవసరము మిక్కిలిగా ఉన్నచోటనే అస్త్రము మొక్కవోవుచున్నది.

చికిత్స ఇట్లు తడబడుచుండగా నివారణము వైపున ఒక తెలుగువాడు గొప్ప పని చేసెను. శ్రీకాకుళములో 1921లో జన్మించి, విశాఖపట్టణములోని ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన వులిమిరి రామలింగస్వామి కూనూరులోని పోషకాహార పరిశోధనాలయములో పనిచేసెను. గిల్గిత్ లోయలో గాయిటరును పరిశోధించిన మెక్కారిసన్ 1918లో నెలకొల్పిన సంస్థ అది. తరువాత అదే 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థగా పేరొందెను. హిమాలయ పాదములలోని కాంగ్రా లోయలో సుమారు లక్ష మంది జనుల నడుమ రామలింగస్వామి బృందము ఒక ప్రయోగము నడిపెను. కొన్ని భాగములకు అయోడిను కలిపిన ఉప్పు, ఒక భాగమునకు మామూలు ఉప్పు పంచిరి. అయోడిను ఉప్పు తినినచోట గాయిటరు తగ్గెను. 1962లో దేశమంతటికి గాయిటరు నివారణ పథకము ప్రారంభమయ్యెను.

ఈ ఉప్పు కథకు మన ప్రసంగముతో సంబంధమేమన్నచో, అనాప్లాస్టిక్ క్యాన్సరు తరచు ఏండ్ల తరబడి మెడలో నిద్రించిన పాత గాయిటరు నుండియో, పూర్వము వచ్చిన సాధు క్యాన్సరు నుండియో పుట్టును. అయోడిను కొరతగల ప్రాంతములలో ఉగ్రజాతుల పాలు హెచ్చుగా ఉండుట, ఉప్పు మారిన తరువాత ఆ పాలు తగ్గుట అనేక దేశములలో కనబడినది. ఒక చిటికెడు ఉప్పు ముప్పదియేండ్ల తరువాతి ఒక ముసలి ప్రాణమును కాపాడవచ్చునన్నమాట.

ఇక వయసు సంగతి. ఇతర క్యాన్సరులలో వ్యాధి ఎంత వ్యాపించినదని కొలిచి దశలు నిర్ణయింతురు. థైరాయిడ్ క్యాన్సరులో మాత్రము రోగి వయసు కూడ ఆ కొలతలో చేరినది. చాలకాలము 45 ఏండ్లను గీటుగా నుంచిరి. 2018 నుండి అమలైన ఎనిమిదవ కూర్పులో దానిని 55కు జరిపిరి. అనాప్లాస్టిక్ జాతి ఎంత చిన్నదైనను నేరుగా నాలుగవ దశలోనే చేరును. వయసు పెరిగినచో ప్రమాదము పెరుగునన్న సత్యమును ఈ లెక్క చెప్పుచున్నది. కాని ప్రమాదము పెరిగినదని చెప్పు లెక్కనే ప్రయత్నము వలదని చెప్పు తీర్పుగా చదువుకొనువారున్నారు. అక్కడనే పొరపాటు. 55లో గీత గీచినవారు ఆ గీతకు ఆవలి వారిని విడువుమని చెప్పలేదు. మరింత శ్రద్ధతో చూడుమని చెప్పిరి.

వయసును తీర్పుగా చేసుకొనుట వలన కలుగు నష్టమునకు ఒక ఉదాహరణము చాలును. వృద్ధుని మెడలో వారములలో పెరిగిన కఠినమైన గడ్డ ప్రతిసారి అనాప్లాస్టిక్ కానక్కరలేదు. థైరాయిడ్‌లో పుట్టు లింఫోమా అను మరియొక వ్యాధి అచ్చముగా అదే వేషముతో వచ్చును. ఒకదానికి ఆయువు నెలలతో లెక్క. రెండవదానికి కత్తి పనియే తక్కువ, మందులతోను కిరణములతోను నయమగు అవకాశము మెండు. కంటితో చూచి ఈ రెంటిని వేరు చేయుట ఎంతటి వైద్యునికిని సాధ్యము కాదు. సూదితో గడ్డలోని కణములను తీసి, చాలనిచో చిన్న ముక్కను తీసి, సూక్ష్మదర్శినిలో చూడవలెను. “ఈ వయసులో పరీక్షలెందుకు” అని ఇంటికి తీసికొనిపోయిన తాతకు ఉన్నది నయమగు వ్యాధియే కావచ్చును. ఆ సంగతి ఎవరికిని తెలియకుండనే ఆయన పోవును.

అనాప్లాస్టిక్ అని తేలిన తరువాత సైతము చరిత్ర ఆగిపోలేదు. 1974లో అమెరికాలో డాక్సోరూబిసిన్ అను మందు వాడుకలోకి వచ్చెను. గడ్డ తీయుటకు వీలైనచోట శస్త్రచికిత్స, పిమ్మట కిరణములు, వానితో మందులు కలిపి ఇచ్చు పద్ధతి స్థిరపడెను. దేహము ఓర్చుకొనగల కొందరికి ఆయువు పెరిగెను గాని అధికులకు ఫలము స్వల్పమే. 2018 మే నెలలో ఒక కొత్త ద్వారము తెరువబడెను. కొందరి గడ్డలో బి-రాఫ్ అను జన్యువులో ఒక నిర్దిష్టమైన మార్పు కనబడును. అట్టివారికి డాబ్రాఫెనిబ్, ట్రామెటినిబ్ అను రెండు మాత్రలను కలిపి ఇచ్చుటకు అమెరికా ఔషధ సంస్థ అనుమతించెను. దానికి ఆధారమైన పరిశోధనలో ఫలితము లెక్కించిన రోగులు 23 మంది. వారిలో సగమునకు పైగా గడ్డ తగ్గెను. సంఖ్య చిన్నదే. అయినను ఇంత క్రూరమైన వ్యాధిలో అది ఆశ కలిగించు ఫలితము. ఈ మందులు మాత్రలు గనుక కత్తికి ఓర్వలేని వృద్ధునికి కూడ ఇయ్యవచ్చును. అయితే ఆ మార్పు అందరిలో ఉండదు. ఉన్నదో లేదో తెలియుటకు వెంటనే పరీక్ష జరుగవలెను. మందుల వెల సామాన్య కుటుంబమునకు అందునది కాదు. 2007లో ఉమ్మడి రాష్ట్రములో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ వలన శస్త్రచికిత్సకు, కిరణ చికిత్సకు బీదవారికి దారి ఏర్పడినది. నూతన ఔషధములు సామాన్యుని వాకిటికి చేరుట మాత్రము ఇంకను మిగిలియున్న పని.

ఇట్లు సాధనములు పెరిగిన కొలది మరియొక ప్రమాదము పుట్టినది. విడుచుట ఒక తప్పు అయినచో, ఆగకుండుట మరియొక తప్పు. ఊపిరికి అడ్డము వచ్చునని ముందుగానే కంఠములో రంధ్రము చేసి గొట్టము పెట్టినచో ప్రాణము కొన్ని వారములు పొడిగవచ్చును; కాని రోగి మాట పోవచ్చును, ఆ గొట్టపు సంరక్షణతోనే మిగిలిన దినములు గడచిపోవచ్చును. అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ ఈ ఒక్క వ్యాధికొరకే 2012లోను 2021లోను ప్రత్యేక సూత్రములను వెలువరించెను. ఊపిరికి తక్షణ ముప్పు లేనప్పుడు గొట్టము పెట్టుటకు తొందరపడవలదని, చికిత్సకు ముందే రోగితో కూర్చుండి ఆయన కోరునదేమో తెలిసికొనవలెనని, ఉపశమన వైద్యులను మొదటినుండియే కలుపుకొనవలెనని అవి చెప్పుచున్నవి. మన ఇండ్లలో ఇది అంత సులభము కాదు. కొడుకులు, కూతుళ్ళు, అల్లుళ్ళు వైద్యుని చుట్టు నిలిచి మాట్లాడుదురు. పెద్దాయనకు మాత్రము “ఏమీ లేదు నాన్నా, చిన్న గడ్డే” అని చెప్పుదురు. ఆయన గొంతు పోకముందే ఆయన మాట వినవలెను. ఈ వ్యాధిలో మాటకు ఉన్న గడువు చాల చిన్నది.

నయము చేయు చికిత్స ముగిసినచోట వైద్యము ముగియదని చాటిన స్థలములలో మన రెడ్ హిల్స్ ఆసుపత్రి ఒకటి. న్యాయసమ్మతముగా నల్లమందు పండించి విదేశములకు పంపిన దేశము మనది. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టపు కఠిన నిబంధనల వలన మన రోగికే మార్ఫిన్ దొరకుట గగనమైనది. ఈ శతాబ్ది తొలి దశాబ్దములో ఈ ఆసుపత్రిలో నొప్పి నివారణకు, ఉపశమనమునకు ప్రత్యేక విభాగము ఏర్పడెను. 2014లో పార్లమెంటు చట్టమును సవరించి మార్ఫిన్ లభ్యతను సులభతరము చేసెను. సరియైన మోతాదులో ఇచ్చిన మార్ఫిన్ నొప్పినే గాక, ఊపిరాడని బాధను కూడ తగ్గించును. నిదురలేని రాత్రి ఒక వృద్ధునికి నిదుర పట్టించుట చిన్న వైద్యము కాదు.

శ్రోతలు గుర్తుంచుకొనవలసినవి కొలది మాటలే. పెద్దవారి మెడలో పాత గడ్డ హఠాత్తుగా పెరిగినను, గట్టిపడినను, గొంతు మారినను, మ్రింగుటకు గాని ఊపిరికి గాని అడ్డము తగిలినను, మాసములు కాదు, దినములు లెక్కించి ఆసుపత్రికి తీసికొనిపోవలెను. వయసెంత అని అడుగుటకు ముందు గడ్డ ఏ జాతిది అని అడుగవలెను. జాతి తెలిసిన పిమ్మట రోగికి ఏమి కావలెనని అడుగవలెను. ప్రాచీనాచార్యుడు విడువుమని చెప్పిన లక్షణములన్నియు ఉన్న మనిషి నేడు మన ముందు నిలిచినచో, ఆయనకు చేయదగిన పని ఒకటి ఎప్పుడును ఉండును: కొన్నిసార్లు కత్తి, కొన్నిసార్లు మాత్ర, కొన్నిసార్లు నొప్పిలేని రాత్రి. చికిత్సను విడువవలసిన ఘడియ రావచ్చును. రోగిని విడువవలసిన ఘడియ రాదు.